నస్తా అన్న మాట

ఆ నాలుగు టైర్ల మీద ఇద్దరి చేతులూ ఒకేసారి పడ్డాయి.

"ఇవి ముందు చూసింది నేను," అంది సైమి.

"చూడటం మీరే చూసి ఉండొచ్చు. పట్టుకున్నది మాత్రం నేను," అన్నాడతను, చెయ్యి తియ్యకుండా.

ఉత్తరపు మంచుదేశంలో ఉన్న కెమియార్వి అనే ఊళ్ళో పాత టైర్లు అమ్మే రిస్తో కొట్టు వెనక పెరడు అది. అక్టోబరు మొదలయింది. రాత్రి పడిన మంచు గడ్డిపోచల మీద ఇంకా కరగలేదు. దాన్ని చూడగానే ఊళ్ళో సగం మంది చలికాలపు టైర్ల కోసం ఎగబడ్డారు. సైమి కారుకు సరిపోయేవి, ఆమె కొనగలిగినవి రెండు సెట్లే మిగిలాయి. ఒకదాని రబ్బరులో చిన్న చిన్న ఇనుప మేకులు దిగేసి ఉన్నాయి. రెండోది మేకులు లేనిది. ఇద్దరి చేతులూ పడింది మేకులున్న వాటి మీద.

"నేను రోజు విడిచి రోజు రొవానియెమి ఆస్పత్రికి వెళ్ళాలండీ. మా అత్తగారికి డయాలసిస్. తెల్లారకముందే బయల్దేరాలి."

"మా ఇంటిదారి సరస్సు గట్టు మీంచి. జారితే నేరుగా చేపల దగ్గరికే." అతను టైరు పక్కన కూర్చున్నాడు. "సరేగానీ, రబ్బరు చూశారా? గోరు దిగాలి. దిగకపోతే అది ముసలిదైపోయినట్టు. చలికి రాయిలా బిగుసుకుపోతుంది."

సైమి గోరు గుచ్చింది. దిగింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో టైరూ తిప్పుతూ, చెంప దాదాపు రబ్బరుకి ఆనించి, మేకులు అరిగిపోయాయేమోనని చూసింది. ఆమె భర్త తూకో అలాగే చూసేవాడు. అతను చూస్తుంటే ఆమె కారులో కూర్చుని కాఫీ తాగేది. ఒక్కసారైనా దిగి నేర్చుకోలేదు.

"ఇవన్నీ ఎప్పుడూ మా ఆయనే చూసేవారు."

"మరి ఇవాళ రాలేదేం? ఈ చలికి దుప్పటి వదలనన్నారా?"

"ఏప్రిల్లో పోయారు."

టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. అతని నవ్వు సగంలో ఆగిపోయింది. చెయ్యి టైరు మీంచి తనంతట తానే జారింది. 

అతని ఇబ్బంది చూడలేక సైమే మాట మార్చింది. "మీకు తెలిసినట్టుంది కదా, మీరే చెప్పండి. నన్నేవి తీసుకోమంటారు?"

అతను టైర్ల వంక చూడలేదు. ఆమె చెంపకు నల్లగా రబ్బరు మసి అంటుకుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఏడవకూడదని పెదవి బిగబట్టి, జవాబు కోసం బడిపిల్లలా చూస్తోంది.

"నస్తా," అన్నాడు మెల్లగా.

అక్కడివాళ్ళ భాషలో నస్తా అంటే టైరు మేకు.

సైమి కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగానా? నాకు వదిలేస్తున్నారా?"

అతను అప్పుడు చూశాడు టైర్ల వంక. "ఆ... తీసుకోండి. మీకే అవసరం."

మేకులు లేని సెట్టు తన కారులో వేసుకుంటూ పేరు చెప్పాడు. ఆర్ని. ఊరూరా తిరిగే లైబ్రరీ బస్సు నడుపుతాడట.

"అయితే మా అత్తయ్యకి లావుపాటి పుస్తకాలిచ్చేది మీరేనా!" అంది సైమి.

* * *

ఆ బస్సు కెర్తు ఇంటి సందు మొదట్లో ఆగేది. కెర్తు తూకో వాళ్ళమ్మ. ఇప్పుడు ఆవిడకు అక్కడిదాకా నడిచే ఓపిక లేదు. పుస్తకాలు ఆర్నీయే ఇంటికి తెచ్చివ్వడం మొదలుపెట్టాడు. తెచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేయడం ఆ ఊరి పద్ధతి కాదు. కాఫీ, యాలకుల రొట్టె, నాలుగు మాటలు.

"పోయినసారి మీరిచ్చిన నవల్లో హంతకుడు ఎవరో మొదటి పేజీలోనే తెలిసిపోయిందట మా అత్తయ్యకి."

"మరి అంత లావు పుస్తకం ఎందుకు చదివారట?"

"తను అనుకున్నది తప్పేమోనని చివరిదాకా అనుమానమట!"

సైమి పగలబడి నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినబడింది. పక్కగదిలో మంచం మీద కెర్తు కళ్ళు మూసుకుని ఉంది. గోడ మీద తూకో ఫొటో. నవ్వు ఠక్కున ఆగిపోయింది.

సైమికి అమ్మా నాన్నా లేరు. తూకో పోయాక ఆమెకు మిగిలింది కెర్తు ఒక్కతే. ఆ చుట్టరికం తూకో వల్ల వచ్చింది. రేపు ఆ గుమ్మం దగ్గర ఇంకో మగమనిషి బూట్లు కనబడితే కెర్తుకు తను ఏమవుతుంది? అత్తయ్యా అని ఏ హక్కుతో పిలుస్తుంది?

తర్వాతిసారి వాకిట్లోనే ఆర్నిని ఆపింది. "పుస్తకాలు గేటు దగ్గర పెట్టి వెళ్ళండి. నేను తీసుకుంటాను."

ఆర్ని ఆమె మొహంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండునని ఆమెకు అనిపించింది.

ఆ రోజు నుంచి పుస్తకాలు గేటు దగ్గరే ఉండేవి, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి.

* * *

నెలాఖరులో గడ్డకట్టిన రోడ్డు మీద వాన పడింది. ఆస్పత్రి నుంచి తిరిగొస్తున్నారు అత్తా కోడళ్ళు. టైర్ల మేకులు మంచును కరకరా నములుతున్నాయి.

"ఆపు పిల్లా," అంది కెర్తు. "ఎవరో గోతిలో పడ్డారు."

ఆర్ని. కారు ముక్కు పొదల్లో ఉంది. వానలో తడుస్తూ పక్కన నిలబడ్డాడు. దెబ్బలేం తగల్లేదని తెలిశాక సైమి డిక్కీలోంచి తాడు తీసింది. రెండు కార్లకూ కట్టి, మెల్లగా లాగి, అతని కారును రోడ్డెక్కించింది.

కెర్తు అద్దం దించింది. "ఏరా అబ్బాయ్, ఈ నేల మీద పుట్టినవాడివేనా? సరస్సు గట్టున ఇల్లు పెట్టుకుని మేకుల్లేని టైర్లా?"

"మేకులున్నవే కొందామని వెళ్ళానండీ."

"మరి?"

ఆర్ని సైమి వంక చూసి, తల దించుకున్నాడు. "ఏవి తీసుకోమంటారని ఈవిడ అడిగారు. నేను... ఈవిడ్ని చూసి నస్తా అన్నాను. టైర్ల గురించి కాదు."

సైమికి అర్థం కాలేదు. కెర్తుకు అయింది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఆ ఊరి కుర్రాళ్ళు ఎంతో ముచ్చటగా ఉన్నదాన్ని నస్తా అనేవారు.

"ఒరేయ్, ముచ్చటైన పిల్లని నస్తా అనడం మా కాలం మాట! నీకెక్కడ దొరికిందిరా?"

"బస్సులో పాత నవలలు ఉన్నాయి కదండీ."

కెర్తు నవ్వింది. పొట్ట పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే మొహాన్ని చేతుల్లో దాచుకుంది. ఆ తర్వాత వచ్చింది నవ్వు కాదు. 

ఇంటికొచ్చి కెర్తు బూట్లు విప్పుతూ సైమి అంది, "నాకేం తెలీదు అత్తయ్యా. నాకు ఎవరూ వద్దు. నేను మీ కోడల్నే."

"ఆ రోజు నేను నిద్రపోతున్నానని నవ్వు ఆపేశావు కదూ?"

సైమి రెండో బూటు తాడు విప్పసాగింది.

"నేను పడుకోలేదు. వింటున్నాను. తూకో పోయాక ఈ ఇంట్లో ఎవరైనా నవ్వితే బాగుండునని రోజూ అనుకునేదాన్ని. నువ్వు ఆపేస్తే ఎంత కోపమొచ్చిందో!"

"మరి మిమ్మల్ని నేను... ఏమని పిలవను?"

"ఇన్నాళ్ళూ ఏమని పిలిచావు?"

"అత్తయ్యా అని."

"నేను పలకలేదా?" కెర్తు వంగి ఆమె తల మీద చెయ్యి వేసింది. "తల్లీ, నేను ఎక్కువకాలం ఉండను. నువ్వు ఈ వంటింట్లో ఒక్కదానివే కూర్చుని కాఫీ తాగుతుంటావన్న ఆలోచన నన్ను పడుకోనివ్వడం లేదు."

* * *

నవంబరు మొదటి శనివారం పోయినవాళ్ళ పండగ. సాయంత్రం శ్మశానంలో ఏ సమాధి చూసినా కొవ్వొత్తి వెలుగుతోంది. మంచు కింద నేల అద్దంలా ఉంది. కెర్తు ఫోన్ చేసి పిలిచినట్టుంది, గేటు దగ్గర ఆర్ని టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. సైమి ఆగిపోయింది.

కెర్తు ఎడమచెయ్యి అప్పటికే సైమి పట్టుకుని ఉంది. ఆవిడ కుడిచెయ్యి అతని వైపు చాచింది.

"చూస్తూ నిలబడ్డావేంరా? పట్టుకో."

ముగ్గురూ అడుగులో అడుగేసుకుంటూ తూకో సమాధి దాకా నడిచారు. సైమి రాతి మీద మంచు తుడిచింది. కెర్తు కొవ్వొత్తి వెలిగించి, కాసేపు ఊపిరి కూడదీసుకుంది. తర్వాత ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"తూకో, నేను వచ్చాను. సైమి వచ్చింది. ఇతని పేరు ఆర్ని. దారి బాగా జారుతోందిరా నాన్నా. మా ఇద్దరి వల్లా కావడం లేదు."

ఏప్రిల్ తర్వాత సైమి మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఆర్ని కెర్తు చెయ్యి వదలకుండా, సైమి ఏడుపు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.