చెప్పుల అర ఖాళీ అయ్యేదాకా

గవరమ్మ సంచిలో ముందు పొడి తువ్వాలు పెట్టింది. దాని మీద దువ్వెన, కర్పూరం డబ్బీ, చింతపండు బిళ్లలు, ఊపిరి గొట్టానికి మారు వాషరు. చివరికి ఒక నేతచీర మడతపెట్టి, గాలి పోయేలా అరచేత్తో అణిచి మూతి బిగించింది. సముద్రం అడుగున పనివాళ్లుండే అడుగింటికి దిగే ఏ సంచినైనా ముగింపు అధికారే, అంటే గవరమ్మే, తన చేత్తో సర్దాలి. మనిషి పైకి వచ్చాక ఆ చెయ్యే దాన్ని విప్పాలి.

"ఎవులు దిగుతున్నారప్పా?" వించి దగ్గర కేబులుకు గ్రీజు పట్టిస్తున్న మసేను అడిగాడు. "ఇయాల దింపుడు నేదన్నారు కదా."

"నేదనే అన్నారు."

"మరి సీరెందుకు? సీర కట్టుకుని గోడకి వెల్డింగు సేత్తారేటి?"

"నీ పని నువ్వు సూసుకో. ఆ మూలొగ్గేసినావు."

మసేను నవ్వి గుడ్డ మళ్లీ గ్రీజులో ముంచాడు. మనుషుల్ని నీళ్లలోకి దించి పైకి తీసే ఆ ఎత్తుపడవ కింద నీళ్లు అప్పుడే బరువెక్కుతున్నాయి. భీమిలి వైపు చూస్తే నీటిగోడ అంచు సన్నని గీతలా కనిపిస్తోంది. దానికి అవతల ఊరు, ఇవతల సముద్రం. తెల్లవారుజామున వచ్చిన పోటుకు ఆ గోడ ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను నిలబడింది. నిలబడిన క్షణమే ప్రాజెక్టును నడిపించే యంత్రం, సమన్వయి, డెక్కు మీద ఆకుపచ్చ దీపం వెలిగించింది. ప్రయోజనం అందిందని, ఇక పని ముగించవచ్చని అర్థం.

వించి పక్కన చెప్పుల అర ఉంది. అడుగింటికి ఉత్త కాళ్లతోనే దిగాలి కనుక దిగేవాళ్లు చెప్పులు అక్కడ విడుస్తారు. ఇప్పుడు అందులో మూడు జతలున్నాయి. మడమ అరిగినవి నూకరత్నానివి. టైరు చెప్పులు దాలయ్యవి. కొత్తగా మెరుస్తున్నవి ఎర్రన్నవి. కాలు కరుస్తున్నాయని రోజూ తిట్టుకుంటూనే వేసుకునేవాడు.

ప్రణాళికా పీఠం వేసే పని నియమాల్లో ఏడో కూర్పు లావుపాటి పుస్తకం. ఏ పనికి ఏ ప్రక్రియో, ఏది ముందో ఏది వెనకో అందులో రాసి ఉండేది. ముగింపు అధ్యాయంలో చిట్టచివరి ప్రక్రియ ఒకే వాక్యం: చెప్పుల అర ఖాళీ అయ్యేదాకా పని ముగిసినట్టు కాదు. ఇప్పుడు నడుస్తున్న ఎనిమిదో కూర్పు పలచగా, అందంగా వచ్చింది. ప్రక్రియలు మనిషిని కట్టిపడేస్తాయని వాటిని తీసేసి సూత్రాలు పెట్టారు. 'మనుషుల పట్ల శ్రద్ధ వహించు' అన్నది ఒక సూత్రం. అంత గొప్ప మాట ఉండగా చెప్పులెందుకన్నారు.

అంతకు ముందు ఆరో కూర్పులోనూ చెప్పుల మాట లేదు. ఆ రోజుల్లో గవరమ్మ అన్న పైడయ్య గోడ పునాదికి దిగాడు. పునాది పూర్తయింది, ముగింపు ప్రకటించారు, పడవ మరో రేవుకు వెళ్లిపోయింది. పైడయ్య చెప్పులు డెక్కు మీద ఎండి కొయ్యలా బిగుసుకుపోయాయి. తీరం పనివాళ్లంతా వెళ్లి ప్రణాళికా పీఠం గుమ్మంలో కూర్చుని, తిట్లు తిని, ఎండకు సొమ్మసిల్లి, చివరికి ఆ ఒక్క వాక్యం ఏడో కూర్పులో రాయించారు. అది రాయించినప్పుడు గవరమ్మకు జుట్టింకా నల్లగానే ఉంది.

"గవరమ్మగారూ," సమన్వయి గొంతు మెత్తగా వినిపించింది. "మీ ముగింపు సంతకం మిగిలింది. సాయంత్రానికి వాయుగుండం తీరం దాటుతుంది. ఎత్తుపడవను రేవుకు చేర్చి తదుపరి ప్రాజెక్టుకు అప్పగించాలి."

"అడుగింట్లో ముగ్గురున్నారు."

"వారి ఎత్తివేత తదుపరి దశకు బదిలీ అయింది."

"ఆ దశెప్పుడు?"

"కేటాయింపు జరిగాక."

"అందాకా ఊపిరి?"

"నిల్వ సరిపోతుందని అంచనా."

"మా అన్నకీ అంచనా ఏసినారు," అంది గవరమ్మ. "ఎత్తివేత ఆజ్ఞ ఇయ్యి."

"ఎనిమిదో కూర్పులో ఎత్తివేతకు విడిగా ఆజ్ఞ లేదండి. పని కోసం దింపడమే ఉంది. పని ముగిసింది కనుక దింపుడు గది కదలదు."

"ముగిసిందని ఎవులు సెప్పాల?"

"మీరు."

"కంటితో సూడకుండా సెప్పను. నాను దిగి సూత్తాను. అది పనే కదా?"

"అటువంటి తనిఖీ ప్రక్రియ ఇప్పుడు లేదు."

"నేదు. సందర్భానికి తగినట్టు మలుసుకో అని సూత్రముంది కదా. మీరు రాసిందే. మలుత్తన్నాను."

కేబులుకు వేలాడుతున్న దింపుడు గది తాళం టక్కున ఊడింది. మసేను చేతిలో గుడ్డ జారిపోయింది. సంచినీ గవరమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"ఆ సీర నీదా?"

"మరెవులిది?"

"నానెల్తానప్పా."

"వించి నీ సేతి మాటే ఇంటాది. నాకు దాని పళ్లెక్కడున్నాయో కూడా తెల్దు. ఇంకోటి, సంతకమెట్టాల్సింది నాను. నాను కిందున్నంతసేపూ దీన్నెవులూ మూయలేరు, పడవని ఇక్కణ్ణించి పంపలేరు."

"గదిలో మూడు కుర్సీలే," మసేను గొంతు పెరిగింది. "ఆలు ముగ్గురు. ఒకరాగిపోవాల."

"రెండో ఇడతకొత్తాను."

"రెండో ఇడతకి గాలొప్పుకోదు! అటు సూడు మబ్బు!"

"ఒప్పుకోకపోతే అడుగింట్లో కూకుంటాను. అందుకే కదా సీరెట్టుకున్నాను."

ఆమె చెప్పులు విడిచి, మూడు జతల పక్కన వరుస తప్పకుండా పెట్టింది. మోకాలు పట్టేసిందని మసేను భుజం పట్టుకుని గదిలోకి దిగింది. అతను తల తిప్పుకుని మీట నొక్కాడు.

కిందికి పోయేకొద్దీ వెలుగు ఆకుపచ్చగా మారి, తర్వాత నల్లబడింది. చెవులు బిగుసుకున్నాయి. ఆమెకు భయం వేసింది. ఎవరైనా బయలుదేరుతుంటే ఆమెకు ఎప్పుడూ భయమే. సంచి సర్దిన ప్రతిసారీ అన్నం సయించేది కాదు. ఈసారి బయలుదేరింది తానే కాబట్టి, వెనక నిలబడి చూడాల్సిన పని లేదని కాస్త తెరిపిగా కూడా అనిపించింది.

అడుగింటి తలుపు తీసి నూకరత్నం నోరు తెరిచింది. "నువ్వా? ముసల్దానివి, నీకేటి పనిక్కడ?"

"సంతకమెట్టడానికొచ్చాను."

"ఎట్టేసినావా?"

"కలం మర్సిపోయొచ్చాను. కూకోండి, బేగి."

దాలయ్య గదిలో కుర్చీలు లెక్కపెట్టాడు. "నానుండిపోతాను. నువ్వెల్లు పిన్నీ."

"నాను పైకెల్తే సంతకమెట్టమంటారు. నువ్వు కిందుంటే బదిలీ అంటారు. నన్ను బదిలీ సెయ్యడానికి ఆలకి వీలవదు. అర్తమైందా?"

"కాలేదు," అన్నాడు ఎర్రన్న ఏడుస్తూ.

"పైకెల్లాక అవుద్ది. నీ కొత్త సెప్పులు ఎండకి బిగిసిపోతున్నాయి, ఎల్లి ఏసుకో."

నూకరత్నం ఆమె చెయ్యి వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, చింతపండు బిళ్ల ఒకటి ఆ గుప్పిట్లో పెట్టి, గవరమ్మ తాను అడుగింట్లోనే ఉండి దింపుడు గది తలుపు బయటినుంచి మూసింది.

ముగ్గురూ పైకి వచ్చారు. చెప్పులు వేసుకోలేక చాలాసేపు వాటి ముందే నిలబడ్డారు. మసేను గదిని వెంటనే మళ్లీ దించాడు. కేబులు సగం దాకా సూటిగా దిగింది, ఆ తర్వాత గాలికి ఏటవాలుగా లాగేసింది. రేవుకు తిరగమని పీఠం నుంచి కబురు మీద కబురు. సంతకం లేని పడవను కదిలించే అధికారం పీఠానికి లేదు. లంగరు గొలుసు తెగేదాకా మసేను మీట మీద చెయ్యి తియ్యలేదు. గొలుసు తెగాక పడవ ఎవరి మాటా వినలేదు.

సముద్రం శాంతించాక ఆ చోటికి తిరిగి వెళ్లారు. అడుగిల్లు ఉండాల్సిన చోట ఇసుక మేట వేసి ఉంది.

నీటిగోడ ప్రాజెక్టు ఇప్పటికీ తెరిచే ఉంది. ఎత్తుపడవ తదుపరి ప్రాజెక్టుకు వెళ్లలేదు. ఆ పడవ రానందుకు దాని తర్వాతిది ఆగింది, దాని కోసం ఎదురుచూస్తున్న మరోటీ ఆగింది. అరలో మిగిలిన జతను తొలగించమని సమన్వయి మసేనును ఎన్నోసార్లు మర్యాదగా అడిగింది. "మనుషుల పట్ల శ్రద్ధ వహిస్తున్నానని రాసుకో," అంటాడతను. మిగతా రేవుల్లోనూ దిగేవాళ్లు చెప్పులు వరుసగా పెట్టి, వాటికి కాపలాగా ఒకరిని కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. తొమ్మిదో కూర్పులో ఏం రాయాలో పీఠంలో ఇంకా తేలలేదు.

గవరమ్మ తిరిగి రాలేదు. ఆమె దిగింది భాద్రపదంలో, వినాయక చవితి మర్నాడు, పొద్దున.