నందిగామ వెళ్ళాల్సిన కారు

"తొక్కు."

"తొక్కా."

"అలాగే పట్టుకో. నేను చెప్పేదాకా కాలు తియ్యకు."

"నువ్వు ఏదో ఒకటి చెప్తావని కూచోవడం నాకు అలవాటేలే బావా."

మావయ్యవాళ్ళ రేకుల షెడ్డులో, కారు వెనక చక్రం దగ్గర వెల్లకిలా పడుకుని ఉన్న నాకు ఆ మాట అర్థం కాలేదు. అసలు ఆ పూట నాకు ఏదీ అర్థం కాలేదు.

వీరరాఘవయ్య మావయ్యది పాత అంబాసిడర్. చక్రాల దగ్గర రబ్బరు వాషర్లు అరిగి ఆయిలు కారుతుంటే కొత్తవి నేనే వేశాను. వేశాక బ్రేకు పెడల్ మెత్తబడింది. తొక్కితే కాలు నేలదాకా పోతోంది. గొట్టాల్లో గాలి చేరితే అంతే. ఆ గాలి తియ్యాలంటే ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూచుని పెడల్ తొక్కిపట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గరున్న చిన్న నిపిల్ వదులు చేస్తే గాలీ ఆయిలూ కలిసి బయటికొస్తాయి. నిపిల్ బిగించాకే కాలు తియ్యాలి. ముందే తీస్తే పోయిన గాలి తిరిగొస్తుంది.

మావయ్యకు మోకాలి నొప్పి. అందుకని తొక్కే పని ఆయన కూతురు పుష్పవతికి పడింది. రేపు పుష్పకు పెళ్ళిచూపులు. నందిగామ వాళ్ళొస్తున్నారు. ఆడపిల్లవాళ్ళు కారు పంపి తీసుకురావడం వీళ్ళింట్లో ఆనవాయితీ. ఎల్లుండి నుంచి ఆషాఢం కాబట్టి రేపు తప్పితే ఇంక నెల దాటాకే. ఆ కారు తోలేది కూడా నేనే.

నేనెవరినంటారా. పేరు భవానీప్రసాద్. మాది పెనుగంచిప్రోలు. జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. పుష్ప వాళ్ళమ్మ రాఘవమ్మ నాకు మేనత్త వరస. ఉగాదికి అత్తయ్య, "పెళ్ళి మాటేంట్రా?" అనడిగితే, పక్కనే పుష్ప నిలబడి ఉండటంతో సిగ్గేసి, "ఇప్పుడేం తొందరత్తయ్యా" అన్నాను. దాన్ని అందరూ వద్దన్నట్టు తీసుకున్నారు. ఆ అందరిలో పుష్ప కూడా ఉందని నేననుకోలేదు.

"బావా, ఈ బ్రేకు బాగవ్వాలని నీకు బాగా ఉందా?"

"ఎందుకుండదు? మావయ్యకి మాటిచ్చా."

పెడల్ దబ్బుమని కిందికి దిగింది.

మూడు చక్రాలయ్యాయి. లేచి చేత్తో పెడల్ నొక్కి చూశాను. మెత్తగా, ఉడికిన చేమదుంపలాగే ఉంది. కొత్త వాషర్లను అనుమానించాను. ఆయిల్ డబ్బాను అనుమానించాను. నిపిల్ మరలు చూశాను. ఇన్ని యంత్రాల మధ్య బతికేవాణ్ణి, ఒక్క పెడల్ దగ్గర తల గోక్కుంటూ నిలబడ్డాను.

"ఏంటి బావా, మరీ అంత అయోమయంగా చూస్తున్నావ్?"

"ఎంత గాలి తీసినా ఇంకా ఉంటోంది. ఎక్కణ్ణించి వస్తందో తెలీట్లా."

"పాపం," అంది పుష్ప. ఆ పాపం నామీదో, కారుమీదో తెలియలేదు.

సన్నగా వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద చప్పుడు పెరిగింది. ఇక మిగిలింది ముందు కుడి చక్రం. దాని దగ్గర చేరి, నిపిల్‌కు తొడిగిన సెలైన్ ట్యూబును సీసాలో వేలాడేశాను. డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది. ఇక్కణ్ణించి ట్యూబూ కనిపిస్తుంది, పుష్ప కాలూ కనిపిస్తుంది.

"తొక్కు."

తొక్కింది. నిపిల్ వదులు చేశాను. ట్యూబులోకి బుడగలతో ఆయిలు దిగింది. నేను బిగించబోయేలోగా ఆ ఆయిలు వెనక్కి, పైకి పాకింది. తలెత్తి చూశాను. పట్టీ పెట్టుకున్న పాదం పెడల్ మీంచి మెల్లగా, ఏ తొందరా లేకుండా లేస్తోంది. పుష్ప మాత్రం వాన చూస్తోంది.

"పుష్పా, కాలెందుకు తీశావ్?"

"తిమ్మిరెక్కింది."

"ప్రతి చక్రానికీ ఎక్కిందా?"

"ఎక్కింది."

"ఇలా అయితే రేపటికి కారు బాగవదు. నందిగామ వాళ్ళు..."

"రారు. ఆషాఢం వచ్చుద్ది. నెల గడువుంటది. ఈలోగా ఒకడికి నోరొస్తదేమోనని చూద్దామనుకున్నా."

"ఎవడికి?"

ఆమె నావైపు తిరిగింది.

"నీకు గాలి కనపడుద్ది గానీ మనిషి కనపడదు బావా," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

అప్పుడు అర్థమైంది. నిపిల్ బిగించే పానా చేతిలోంచి జారి కాలిమీద పడినా నొప్పి తెలియలేదు. ఈ పిల్లంటే నాకెంత ఇష్టమో నాలో నేను అనుకోవడమే తప్ప ఎవరితోనూ అనలేదు. రేపు సాయంత్రానికి ఆ మాటకు విలువే ఉండదు.

షెడ్డుకు ఎదురుగా ఇంటి అరుగు మీద పడకకుర్చీలో మావయ్య ఉన్నాడు. ఆయిలు చేతులతోనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అయిందా ప్రసాదూ?"

"అవుద్ది మావయ్యా. కానీ రేపు నందిగామ వెళ్ళను."

"మరెక్కడికెళ్తావ్?"

"పెనుగంచిప్రోలు. మీరు సరేనంటే మా అమ్మానాన్నల్ని తీసుకొస్తా. నందిగామ వాళ్ళకి కబురు... మీరే చెప్పాలి."

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. "తొందరేముంది అన్నావుగా నువ్వు?"

"సిగ్గేసిందత్తయ్యా."

మావయ్య మోకాలు రుద్దుకున్నాడు.

"నాకు ఇక్కణ్ణించి అమ్మాయి కాలు తిన్నగా కనపడుద్దిరా. మొదటి చక్రం నుంచీ చూస్తన్నా. దానికి నోటితో చెప్పడం రాదు, నీకు చూడ్డం రాదు. ఇద్దర్లో ఎవరో ఒకళ్ళు తెములుతారేమోనని కూచున్నా," అన్నాడు. తర్వాత అత్తయ్య వైపు తిరిగాడు. "నందిగామకి నేను మనిషిని పంపుతాలే."

"పెళ్ళికొడుకే కారు తోలుకుంటా రావడం ఎక్కడన్నా ఉందా?" అంది అత్తయ్య కళ్ళొత్తుకుంటూ.

"ముందా బ్రేకు సంగతి చూడండి," అన్నాడు మావయ్య. " వచ్చేది మా బావగారు. అమ్మాయ్, ఈసారి కాలు తీశావంటే ఊరుకోను."

మళ్ళీ వెనక చక్రం నుంచి మొదలుపెట్టాను. ఒక్కో చక్రానికీ బుడగలు పోయి, ఉత్త ఆయిలే దిగింది. ఆఖరి నిపిల్ బిగించి పైకి చూశాను. పుష్ప నన్నే చూస్తోంది. తీయమని చెప్పడం మర్చిపోయి నేనూ చూస్తూ ఉండిపోయాను.

ఆమె కాలు తియ్యలేదు.