పగలగొట్టిన బెల్లం ముక్క

డాక్టర్ లోహిత జీవితంలోకి ప్రేమ ప్రవేశించిన విధానం ఏమంత గౌరవప్రదమైనది కాదు. ఆమె ఒక కణితిని తినివేసింది.

అది జరిగినది తిరుపతిలో ఆమె రేడియాలజిస్టుగా పనిచేస్తున్న ఆసుపత్రిలో, స్కానింగ్ గదిని ఆనుకొని ఉన్న చిన్న విశ్రాంతి గదిలో. ఉదయం నుంచి ఊపిరి సలపని పని. నర్సు కోమలి ఫ్రిజ్ తెరచి, అందులో కనిపించిన స్టీలు డబ్బా మూత తీసి, "మేడమ్, ఎవురో చైనా గ్రాస్ స్వీటు పెట్టినారు!" అని ప్రకటించి చెరొక ముక్క కోసింది. లోహిత నోట పెట్టుకున్నది. తీపి లేదు, ఉప్పు లేదు. నడుమ మాత్రం ఏదో గట్టిగా పంటికి తగిలింది. ఆకలి మీద దానినీ నమిలి మింగింది.

సరిగ్గా అప్పుడే, వానకు నిలువెల్లా తడిసిన యువకుడొకడు గుమ్మంలో నిలిచాడు. డబ్బా వంక చూశాడు. ఆమె చేతిలోని చెంచా వంక చూశాడు. అతని ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"మేడమ్, మీరు తినేసింది ఏందో తెలుసా?"

"రుచీ పచీ లేని స్వీటు. మీ ఇంట్లో చక్కెర వాడరా?"

"స్వీటు కాదండీ, ఫాంటమ్! బ్రెస్ట్ నమూనా. స్కానింగ్ మెషిన్ సరిగ్గా కొలస్తా ఉందో లేదో చూసేదానికి నేనే చేసినాను. మధ్యలో గట్టిగా తగిలుండాలే?"

"తగిలింది."

"అది కణితి."

కోమలి చేతిలోని పళ్లెం గణగణ మోగుతూ నేల మీద పడింది. "యేసయ్యా!" అని ఆమె సింకు దగ్గరికి పరుగు తీసింది.

లోహిత కదలలేదు. "విషమేమీ కలపలేదు కదా?"

"లేదండీ. చైనా గ్రాసూ ఇసబ్గోలూ, అంతే. ఇసబ్గోలు మటుకు చేయి జారి రవంత ఎక్కువే పడింది." అతడు క్షణం ఆగి, అత్యంత వినయంగా అన్నాడు: "ఎంత ఎక్కువో రేప్పొద్దునకి మీకే తెలుస్తాది."

పెదవి చివరి నవ్వును దాచుకునే ప్రయత్నమైనా అతడు చేయనందుకు ఆమెకు కోపం వచ్చింది. మరునాడు ఉదయం ఆ కోపం రెట్టింపయినది.

అతని పేరు బాలచంద్ర. ఏర్పేడు దగ్గరి సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధకుడు. చిత్తూరులో బెల్లం మండీ నడిపిన అతని తండ్రి మునిరామయ్యకు మూత్రపిండాలు చడీచప్పుడు లేకుండా మచ్చకట్టి, గట్టిపడి, పనికిరాకుండా పోయాయి. ఇంట్లో వాళ్లు కొడుకుకు చెప్పక దాచిన ఆ సంగతి బయటపడేసరికి చేయదగినదేదీ మిగలలేదు. మెత్తగా ఉండవలసిన అవయవం ఎంత గట్టిపడినదో ధ్వని తరంగాలతో ముందుగానే కొలిచి చెప్పాలన్నది నాటి నుంచి ఆ కొడుకు పట్టుదల. రొమ్ములోని గడ్డలకూ అదే పద్ధతి పనికివస్తుంది కనుక, ఆసుపత్రి అతని పరిశోధనకు లోహిత విభాగాన్ని జతచేసింది. తెర మీద మెత్తని భాగం నీలంగానూ గట్టి భాగం ఎర్రగానూ కనిపించే విధంగా అతడు తన ప్రోగ్రామును దిద్దుకున్నాడు.

"ఎర్రగా కనిపిస్తే కేన్సరేనా?" అని ఆమె మొదటి రోజునే నిలదీసింది.

"అనుమానమండీ."

"అనుమానంతో నేను రిపోర్టు రాయను. ముక్క తీసి చూడాల్సిందే."

"మీకు దేని మీదా నమ్మకం లేదా మేడమ్?"

"ఉండేది. మీ స్వీటు తిన్నాక పోయింది."

ఇట్లా మొదలైన వాగ్వాదాలు కాఫీ దాకా, కాఫీలు కపిలతీర్థం దారిలో ఒకే గొడుగు కింది నడకల దాకా వచ్చాయి. ఆ గొడుగు ఎవరి వైపు ఎక్కువగా ఒరుగుతున్నదో ఇద్దరికీ తెలుసు. ఒకనాడు అతడు చెట్టంత మనిషీ చిన్నపిల్లవాడిలా చెవులు ఎర్రబడగా అడిగాడు: "మాయమ్మకి మిమ్మల్ని చూపించొచ్చా?"

"పెండ్లిచూపులా?"

"అనుమానం మాత్రమే."

"సరే, పుత్తూరు క్యాంపుకి రమ్మనండి. నేను సీరె కట్టుకోని కూర్చోను. పని చేస్తా ఉంటాను. చూసుకోమనండి."

పుత్తూరులో రొమ్ము పరీక్షల శిబిరం ఒక కల్యాణ మండపంలో జరిగింది. వచ్చిన స్త్రీలలో ముందుకు వచ్చిన వారు లేరు. ఎముక విరిగితే బస్సెక్కి ఎంత దూరం నుంచైనా ఈ ఊరికి వచ్చి కట్టు కట్టించుకునే మనుషులు, ఈ విషయం వచ్చేసరికి కొంగు బిగించుకొని గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు లోహిత, తనను ఒకనాడు పరాభవించిన ఆ ఫాంటమ్‌లనే తెప్పించి బల్ల మీద వరుసగా పెట్టించింది.

"ఎవురూ రైకలు విప్పనక్కర్లేదమ్మా. ఈ బొమ్మల్ని వేళ్లతో ఒత్తండి. యాడ గట్టిగా తగలతాదో చెప్పండి, చాలు."

ఆట అనేసరికి బిగువు సడలింది. అలివేలమ్మ అనే ముసలామె మొదట ఒత్తి, "ఈడుండాది దొంగ!" అని కేక వేసింది. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల నడుమకు, తలుపు వారగా నిలిచి పిల్ల తీరును పరిశీలిస్తున్న బాలచంద్ర తల్లి జ్ఞానాంబ కూడా వచ్చింది. భర్త పోయిన తరువాత మండీని ఒంటిచేతితో నిలబెట్టిన మనిషి. చూపులో తూకపు రాయి బరువు ఉన్నది.

ఆమె కూడా వేళ్లు పెట్టి ఒత్తింది. వేళ్లు ఒకచోట ఆగాయి. మళ్లీ అక్కడే ఒత్తింది. ఆమె పెదవుల మీది నవ్వు నెమ్మదిగా ఆరిపోవడం లోహిత చూసింది.

"అమ్మా, లోపలికి రండి, నీళ్లు తాగుదురు" అని తెర వెనుకకు తీసుకువెళ్లింది.

"నాకూ ఇట్లే ఉండాది పాపా" అన్నది జ్ఞానాంబ, కంఠం బాగా తగ్గించి. "ఎండాకాలం నించి."

తెర మీద అంచులు చెదిరిన నల్లని నీడ కనిపించింది. బఠాణీకి కొంచెం పెద్దది. బాలచంద్ర దిద్దిన రంగులలో అది కుంకుమంత ఎర్రగా ఉన్నది. లోహిత తన ముఖంలో ఏ మార్పూ రానీయలేదు.

"సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలమ్మా. ఈ వారంలోనే."

"పంపుదువులే. ముందు మావోడి పెండ్లి కానీ. నువ్వు నాకు నచ్చినావు. మాఘంలో లగ్నం పెట్టిస్తా. పెండ్లైన మర్నాడే వచ్చి నీ బల్ల మీద పండుకుంటా."

"అంతదాకా ఆగకూడదు."

"జబ్బుండే ఇంటికి పిల్లనెవురిస్తారు? మీయమ్మా నాయనే ఎనక్కి పోతారు. వాళ్ల నాయన కోసరం వాడు సదువంతా దానికే ధారపోసినాడు. ఇప్పుడు నాకూ అంటే వాడు తట్టుకుంటాడా? వాడికి చెప్పనని నాకు మాటియ్యి."

"మీ జబ్బు సంగతి మీరే చెప్పాల, నేను చెప్పను. ఆ మాట ఇస్తా ఉండాను." లోహిత యంత్రాన్ని ఆపివేసింది. "కానీ ముక్క తీయించుకొనే దాకా ఈ సంబంధానికి సరేనని అనను. అదీ నా మాటే."

జ్ఞానాంబ కొంగు సవరించుకున్నది. ఇంటికి పోయి కొడుకుతో ఒకే వాక్యం చెప్పింది: "ఆ పిల్ల వద్దనేసింది రా."

మరునాడు ఆసుపత్రి వాకిట్లో వాన కురుస్తుండగా బాలచంద్ర ఎదురు నిలిచాడు. ఈసారి గొడుగు లేదు.

"వద్దంటే నాతోనే చెప్పుండొచ్చు కదండీ. మాయమ్మతో ఎందుకు?"

"వద్దనలేదు. ఇప్పుడు కాదన్నాను."

"ఎందుకు?"

"చెప్పలేను."

"నాలో ఏం లోపం కనబడింది?"

"మీలో ఏమీ లేదు. ఇంక అడగొద్దండీ, ప్లీజ్."

"మెత్తగా మాట్లాడతారు గానీ మీ లోపల అంతా రాయే" అని అతడు వానలోకి దిగి వెళ్లిపోయాడు.

ఒక్క మాట చెప్పి ఉంటే అతడు వెనుకకు తిరిగేవాడు. ఆ మాట తనది కాదు. కన్నీళ్లను ఆమె ఒక్క నిమిషం మాత్రమే సాగనిచ్చింది. నీడ ఒకటి ప్రతి దినమూ కొంత పెరుగుతూ ఉండగా అలకకు కాలం వెచ్చించడం వైద్యురాలికి తగదు. ఆదివారం తెల్లవారగానే ఆమె చిత్తూరు బస్సెక్కింది.

మండీలో ఘుమఘుమలాడే బెల్లం, దాని మీద తేనెటీగలు. కాణిపాకం వైపు నుంచి వచ్చిన రైతు మునస్వామి సరుకు దింపుతున్నాడు. జ్ఞానాంబ ఒక బెల్లం ముద్దను సుత్తితో కొట్టి, లోపలి రంగు చూసి, ముక్క నోట వేసుకున్నది.

"పైన బంగారం మాదిరి ఉండాది గదమ్మా, పగలగొట్టేదెందుకు?" అని మునస్వామి గునిశాడు.

"పైరంగు సూసి కొనేదానికి నేను కొత్తదాన్నా అప్పా? లోపల సూడకుండా ఈ మండీలో బేరం లేదు." అంటూ తల ఎత్తి, లోహితను చూసి ఆగిపోయింది.

లోపలి గదిలో నుంచి బాలచంద్ర వచ్చాడు. "మీరీడికెందుకొచ్చినారు?"

"బెల్లం కొనేదానికి" అన్నది లోహిత అతని వైపు చూడకుండా. "అమ్మా, మీరిప్పుడు పగలగొట్టింది ఎందుకు? సరుకు చెడ్డదనా?"

"కాదు. మంచిదో సెడ్డదో తెలిసేదానికి."

"ముక్క తీస్తే ముద్ద పాడైపోతాదా?"

జ్ఞానాంబ పగిలిన ముద్దను వేళ్లతో తడిమింది.

"చెడ్డదైతే?"

"సెడిందాన్ని పక్కన పెడతా. మిగతా సరుకు బాగుంటాది." ఆమె గొంతు తగ్గింది.

"ముందే చూస్తే?"

"ముందే సూస్తే... బాగుంటాది."

"నేనడిగేది ఆ ముక్కే అమ్మా. పైన చూసి మాఘందాకా ఆగమంటా ఉండారు మీరు. లోపల చూడకుండా నేనూ బేరం చేయను."

మునస్వామి అయోమయంగా గోనె మీద కూర్చున్నాడు. బాలచంద్ర తల్లిని చూశాడు, లోహితను చూశాడు. "ఏం ముక్క? ఎవురికి?"

జ్ఞానాంబ సుత్తి కింద పెట్టింది.

"నాకే రా అబ్బయ్యా. రొమ్ములో గడ్డుండాది. పెండ్లి కానీ అని దాచినా. ఈ పాపని నీకు చెప్పనీకుండా నేనే మాట తీసుకున్నా. ఆ పిల్ల నిన్ను వద్దనలా. నేనే అబద్ధం చెప్పినా."

బాలచంద్ర గోడకు ఆనుకున్నాడు. తరువాత వచ్చి తల్లి పాదాల దగ్గర కూర్చొని, ఆమె మోకాళ్ల మీద తల పెట్టాడు. "నాయన్దీ ఇట్లే దాచినారు కదమ్మా" అన్నాడు, అంతే. ఆమె చేయి అతని జుట్టులో ఆగిపోయింది.

"రేపు ఎన్ని గంటలకి రావాల పాపా?" అని అడిగింది.

సూది లోహితే గుచ్చాలని జ్ఞానాంబ పట్టుబట్టింది. "కోడండ్లు అత్తల్ని పెండ్లైనాక మాటల్తో పొడుస్తారు. నువ్వు ముందే సూదితో మొదలుపెట్టినావు" అని బల్ల మీద పడుకొనే హాస్యమాడి, గుచ్చినప్పుడు మాత్రం కోమలి చేతిని నలిగేటంతగా పట్టుకున్నది.

నీడ నిజమే చెప్పింది. అది కేన్సరే. కానీ చంకలోకి పాకలేదు, రొమ్మును తీయవలసిన అవసరం రాలేదు. గడ్డను మాత్రం తీసే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బాలచంద్ర బెంచీ చివర కూర్చున్నాడు. లోహిత వచ్చి పక్కన కూర్చున్నది.

"రాయి అన్నాను మిమ్మల్ని."

"అన్నారు."

"తప్పుగా కొలిచినాను."

"మెషిన్ మార్చండి."

"మార్చను. మీరే దిద్దండి, జీవితమంతా." అతడు ఆమె చేతిని అందుకున్నాడు. "నువ్వంటే నాకు ప్రాణం లోహితా."

ఆమె ఆపరేషన్ గది తలుపు తెరుచుకొనే దాకా అతని చేతిని వదలలేదు.

చికిత్స ముగిసి, నెత్తిన వెంట్రుకలు మళ్లీ మొలకెత్తుతున్న కాలంలో జ్ఞానాంబ లోహిత తల్లిదండ్రులను మండీకే పిలిపించింది. తన జబ్బు సంగతి మొదట తానే చెప్పింది. "లోపల సూపించినాను. ఇష్టమైతేనే మాట్లాడండి" అన్నది. లోహిత తల్లి చంద్రకాంతమ్మ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నది. అంతకు మించి మాట అవసరం లేకపోయింది.

జ్ఞానాంబ సుత్తి అందుకొని, మంచి ముద్దను ఏరి కొట్టింది. "బేరం కుదిరితే పగలగొట్టిన ముక్క కొన్నోళ్ల నోట్లోకే పోవాల. అది మా మండీ మర్యాద" అంటూ తీసి లోహిత నోట పెట్టింది.

బాలచంద్ర వంగి నోరు తెరిచాడు. "నాకమ్మా?"

"నువ్వు కొన్నోడివి కాదు రా, సరుకువి. సరుకు నోట్లో బెల్లం పెట్టేది యాడన్నా సూసినావా?"

లోహిత నవ్వు ఆపుకోలేక, నోటిలోని బెల్లాన్ని జాగ్రత్తగా చప్పరించి చూసింది. ఈసారి నడుమ గట్టిగా ఏదీ తగలలేదు.