పార్కు వైపు గది

"ఈ గది ఖాళీ చెయ్యాలండీ," అన్నాడు ఫిజియోథెరపిస్టు, ఇంట్లో అడుగుపెట్టి పట్టుమని పది నిమిషాలు కాకుండానే.

ఇంట్లో అందరూ అమ్మలు అని పిలుచుకునే అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి విస్తుపోయి చూసింది. తుంటి ఆపరేషన్ అయిన తాతయ్యను నడిపించడానికి వచ్చిన మనిషి, తన గది గుమ్మంలో నిలబడి, కిటికీలోంచి కనిపించే పార్కును కళ్ళప్పగించి చూస్తున్నాడు.

"మీరు ఫిజియోనా, ఇళ్ళ బ్రోకరా?"

"తాతగారి కాలు బాగానే ఉంది. మనిషే లేవనంటున్నారు. రోడ్డు వైపు గదిలో పడుకోబెట్టారు. లేచి ఏం చూడాలి చెప్పండి? ఎదురింటి వాటర్ ట్యాంకా?"

"ఇది నా స్టూడియో. ఆడియో బుక్స్ రికార్డు చేస్తాను. ఆ గదిలో మైకు పెడితే రాకుమారి మాట్లాడుతుంటే బస్సు హారన్ వినిపిస్తుంది!"

"రాకుమారి బస్సులో వెళ్తోందనుకుంటారు లెండి."

అమ్మలుకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయేలోగా అతను గొంతు తగ్గించాడు. "ఈ వయసులో మంచానికి అలవాటు పడితే ఇక లేవడం కష్టమండీ."

ఈసారి ఆ గొంతులో వేళాకోళం లేదు. అమ్మలు తాతయ్య గది వైపు చూసింది. తాతయ్య బళ్ళో డ్రిల్లు మాస్టరుగా పనిచేశాడు. ఆయన విజిల్ వేస్తే బడి బడంతా నిటారుగా నిలబడేది. అలాంటి మనిషి ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకుని, పలకరిస్తే "ఊఁ" అంటున్నాడు.

సాయంత్రానికల్లా మైకు రోడ్డు వైపుకీ, మంచం పార్కు వైపుకీ మారాయి. మర్నాడు ఫిజియో వచ్చేసరికి, హారన్లు తప్పించుకోవడానికి అమ్మలు బట్టల బీరువాలో తల దూర్చి రాకుమారి విరహాన్ని చదువుతోంది.

"లోపల రాకుమారుడు కూడా ఉన్నాడా?"

"ఉంటే మిమ్మల్ని బయటికి గెంటించేదాన్ని!"

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. తాతయ్య కిటికీ వైపు తిరిగి పడుకోవడం మాత్రం మొదలుపెట్టాడు. అనవసరంగా గది మారానా అని అమ్మలు లోలోపల బెంగపడింది.

ఒక ఉదయం వాన అప్పుడే వెలిసింది. టీ తీసుకుని వెళ్తే మంచం ఖాళీగా ఉంది. తాతయ్య కిటికీ ఊచలు పట్టుకుని తనంతట తానే నిలబడి ఉన్నాడు!

"మాట్లాడకు," అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. "అటు చూడు."

పార్కు మధ్యలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు. మబ్బుకీ వానకీ ముడుచుకున్న ఆకులు ఎండ తగిలేసరికి కొమ్మకొమ్మనా మెల్లగా విచ్చుకుంటున్నాయి. చూస్తుండగానే చెట్టంతా పచ్చగా పరుచుకుంది. ఇన్నేళ్ళూ ఆ కిటికీ పక్కనే కూర్చుని, ఈ వింత అమ్మలు ఒక్కసారి కూడా చూడలేదు.

"విజిల్ వెయ్యకుండానే అన్నీ లేచాయే!" అన్నాడు తాతయ్య. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

అప్పుడే వచ్చిన ఫిజియో గుమ్మంలోనే ఆగిపోయాడు. తాతయ్యనీ చెట్టునీ మార్చి మార్చి చూశాడు.

"నేనేం చెయ్యలేదండీ," అన్నాడు నమ్మలేనట్టు.

"నేనూ ఏం చెయ్యలేదు," అంది అమ్మలు. ఇద్దరికీ ఎందుకో నవ్వొచ్చింది. ఆ నవ్వులో కలిసిన చూపులు విడిపోవడం మరిచిపోయాయి.

ఆ తర్వాత తాతయ్యను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. పార్కులో ఆయనకంటే పెద్దవాళ్ళు చెట్ల కింద నవ్వుకుంటూ చకచకా నడుస్తుంటే, ఆయన పౌరుషం నిద్రలేచింది.

"ఇక్కడివాళ్ళను యముడు మర్చిపోయాడేమిటోయ్!" అన్నాడొకరోజు, అమ్మలుతోపాటు పక్కన నడుస్తున్న ఫిజియోతో.

"చెట్లు మందు కాదు తాతగారూ. కానీ రేపు పొద్దున ఏం చూడాలా అన్న ఆశ పుడితే నా పని సగం అయిపోయినట్టే. నా పేషెంట్లలో చూస్తూనే ఉన్నా." అమ్మలు వైపు చూడకుండా మెల్లగా అన్నాడు. "ఇక నా అవసరం లేదు. రేపట్నుంచి రాను."

అమ్మలు "మంచిదే" అంది. ఇంటికెళ్ళి బీరువాలో తల పెట్టి, రాకుమారి విరహం ఏ తప్పూ లేకుండా ఒక్క ఊపులో చదివేసింది.

మర్నాడు తాతయ్య మూలిగాడు. "అమ్మలూ, కాలు! ఆ డాక్టరబ్బాయిని రమ్మను!"

అతను పరుగున వచ్చాడు. కాలు పట్టి చూసి, గంభీరంగా మొహం పెట్టాడు. "ఇంకొన్నాళ్ళు రావాల్సిందే." ఆ కొన్నాళ్ళు అలా సాగుతూనే ఉన్నాయి.

ఒకరోజు పార్కులో చినుకులు మొదలయ్యాయి. ముందు తాతయ్య కుంటుతూ వెళ్తున్నాడు. వెనక ఒకే గొడుగు కింద వీళ్ళిద్దరూ.

ఇక ఆగలేకపోయింది అమ్మలు. "ఆపరేషన్ ఎడమ వైపు కదా. తాతయ్య కుంటుతున్నది కుడికాలు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజే. అంత డ్రిల్లు మాస్టరూ లెఫ్టు రైటు తప్పారు. మరి మీరు?"

"నేనూ మొదటిరోజే."

"అయితే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు రారుగా!" అనేసి నాలిక్కరుచుకుంది.

గొడుగు పక్కకి ఒరిగింది. "ఈ కుంటుడికి ఫీజు వద్దన్నప్పుడే మీకు అనుమానం రావాలి," అన్నాడు తడిసిపోతూ. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. తాతయ్య కోసం మీరు గది ఖాళీ చేసిన రోజునుంచీ."

"నాకూ," అంది అమ్మలు. ఆ ఒక్క మాట మైకుక్కూడా అందదేమో, అతనికి మాత్రం అందింది.

ముందు నడుస్తున్న తాతయ్య టక్కున ఆగి వెనక్కి తిరిగాడు. "హమ్మయ్య! ఇక కుంటక్కర్లేదుగా? ఆ కాలు నిజంగానే పట్టేసేలా ఉంది!"

జేబులోంచి పాత విజిల్ తీసి గట్టిగా ఊదాడు. నడుం నిటారుగా పెట్టి, చేతులూపుతూ, ఒక్క అడుగూ తప్పకుండా నిద్రగన్నేరు వైపు కవాతు చేసుకుంటూ వెళ్ళిపోయాడు. గొడుగు సంగతి మరిచిపోయి, వాళ్ళిద్దరూ వానలో అలాగే నిలబడి ఆయన్నే చూస్తున్నారు.