మూల మంచం గంట

ఆ ఆస్పత్రి మగవాళ్ల వార్డులో మూల మంచానికి చెడ్డపేరుంది. ఎప్పుడో ఒక ముసలాయన నర్సుని పిలిచే గంట నొక్కీ నొక్కీ, ఎవరూ రాక, ఆ మంచంమీదే పోయాడట. అప్పట్నుంచీ మంచం ఖాళీగా ఉన్నా రాత్రిపూట గంట మోగుతుందని చెప్పుకుంటారు. వైర్లు మార్చారు, గంటే మార్చారు... అయినా దాని దారి దానిదే.

"అది మోగితే లేవకు. ఇక్కడే బోర్డుమీద మీట నొక్కి ఆపేసి ఊరుకో," అంది పెద్ద నర్సు, కొత్తగా నైట్ డ్యూటీకి వచ్చిన పిల్లతో. అక్కడ అందరూ చేసేది అదే.

మూల మంచం పక్కనే కండక్టర్ తాత ఉన్నాడు. బతుకంతా బస్సులో గడిపినవాడు, చుట్టూ మనుషులు లేకపోతే తోచదు. జ్వరం తగ్గింది, మనిషి గుండ్రాయిలా ఉన్నాడు, పొద్దున్నే ఇంటికి పంపేస్తారు. వచ్చి పలకరించే నాథుడు మాత్రం లేడు.

"ఓ అయిదు నిమిషాలు కూర్చోవే తల్లీ," అన్నాడు ఆ రాత్రి. "ఒక్కణ్ణే ఉంటే బెంగగా ఉంది."

"సూదులు వేసేసి వస్తా తాతా. ఎక్కడికీ పారిపోకు!"

"టికెట్ లేకుండా ఎక్కడికి పోతానమ్మా?" అని నవ్వాడు.

సూదులయ్యాయి. తర్వాత ఒకరికి వాంతులు... ఇంకొకరికి సెలైన్. తాతకిచ్చిన మాట వెనకబడిపోయింది.

అప్పుడు గంట మోగింది. బోర్డుమీద మూల మంచం దీపం — ఎర్రగా. ఆ పిల్ల, పెద్ద నర్సు చెప్పినట్టే ఆపేసింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆపేసింది. ఆ తర్వాత — ఎంత నొక్కినా ఆగలేదు.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లింది. మూల మంచం ఖాళీ. దుప్పటి మడత కూడా చెదరలేదు.

పక్క మంచంలో తాత... కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

కేక పెట్టింది. ఛాతీమీద రెండు చేతులూ పెట్టి, ఒళ్లంతా చెమటలు పట్టేదాకా నొక్కింది. డాక్టరు పరుగున వచ్చాడు. షాక్ ఇచ్చారు... తాత దక్కలేదు.

"సాయంత్రం చూస్తే గుండె బాగానే ఉంది. ఎందుకాగిపోయిందో అంతుబట్టడం లేదు," అన్నాడు డాక్టరు.

మొదటిసారి మోగినప్పుడే లేచి ఉంటే? ఆ ఆలోచన ఆమెను తొలిచేసింది. ఆ గంట ఎవరికోసం మోగిందో ఇప్పుడు తెలిసింది.

మర్నాడు రాత్రి, ఎవరేమన్నా సరే, మోగగానే పరిగెత్తాలని బోర్డు ముందే కూర్చుంది. మోగలేదు. వార్డంతా నిద్రపోయింది. ఉండబట్టలేక తనే వెళ్లింది.

ఖాళీగా ఉన్న ఆ రెండు మంచాల చుట్టూ తెర లాగి ఉంది. దాని వెనక... ఇద్దరు ముసలాళ్లు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఎవరో గంట అందుకున్న చప్పుడు.

"వద్దులేవయ్యా," అంది కండక్టర్ తాత గొంతు. "పిలవకు... ఆ పిల్లకి తీరిక ఉండదు."