కింది వాటా వెచ్చదనం

ఆదివారం పొద్దున్నే పెన్కా జున్ను పెట్టిన పొరల రొట్టె, బానిట్సా చేసింది. కొడుకు వస్తున్నాడు. లేకపోతే ఆ ఇంట్లో ఓవెన్ వెలిగించరు.

లూలిన్ పేటలో అన్నిటిలాగే వాళ్లదీ సిమెంటు పలకల బిల్డింగు. పాత కమ్యూనిస్టు ప్రభుత్వం కట్టించింది. అప్పట్లో డాక్టరూ డ్రైవరూ ఒకే మెట్లు ఎక్కేవాళ్లు. తర్వాత డబ్బు చేసినవాళ్లు ఊరి చివర కొండ కిందికి పోయారు. గోడ కట్టుకున్నారు, గేటు పెట్టుకున్నారు, గేటుకి మనిషిని పెట్టుకున్నారు. దొంగలు బయటే ఉంటారని వాళ్ల నమ్మకం.

పెన్కా కొడుకు ప్లామెన్ అలా పోయినవాడే. పోయేముందు నాలుగో అంతస్తులో తన వాటా వరకే బయటి గోడకి చలి ఆపే నురగ పలకలు అంటించి, పసుపు రంగు వేయించాడు. మాసిన గోడంతటిలో ఆ ఒక్క ముక్క. గోనెసంచికి పట్టు అతుకు. ఇప్పుడది అద్దెకిచ్చాడు. అమ్మానాన్నలు అదే బిల్డింగులో ఇంకో వాటాలో ఉంటారు.

మధ్యాహ్నం మెట్ల దగ్గర మీటింగు. బిల్డింగంతటికీ ఆ పలకలు తన ఖర్చుతో వేయిస్తానంది ప్రభుత్వం. ఇళ్ల యజమానులందరూ ఒప్పుకోవాలి. కాదంటున్నది ఒక్కడే. ప్లామెన్.

వచ్చాడు. కోటు విప్పలేదు, బూట్లు విప్పలేదు. నిలబడే కాఫీ తాగాడు.

"ఒప్పుకుంటావా?" అన్నాడు తండ్రి దొబ్రి.

"నేనెందుకు ఒప్పుకోవాలి నాన్నా? నా వాటాకి నేను వేయించుకున్నా. కింద ఆ జిప్సీలకి ఊరికే శాలువా కప్పాలా? మీరు సామాను సర్దుకోండి, మా ఇంటికి పోదాం. ఈ కొంప పాడుపడితే గానీ మీరు కదలరు."

"ఓహో. అదా సంగతి," అన్నాడు దొబ్రి.

పెన్కా నవ్వింది. "పోయినసారి మీ గేటు మనిషి నన్ను, ఏ ఇంట్లో పనికి వచ్చావని అడిగాడు. నువ్వు పక్కనే ఉన్నావు. ఫోను చూసుకున్నావు."

"వాడికేం తెలుసమ్మా!"

"నీకు తెలుసుగా."

ప్లామెన్ మొహం ఎర్రబడింది. "ఇక్కడ మాత్రం ఏముందని? కింద ఆ జుల్ఫియె, దాని పిల్లల మంద. గోల, కంపు!"

"బూట్లు విప్పు."

"అమ్మా..."

"విప్పరా."

విప్పాడు. మేజోళ్లతో నేల మీద నిలబడ్డాడు. నేల వెచ్చగా ఉంది.

"ఇప్పుడా హీటరు ముట్టుకో."

ముట్టుకున్నాడు. మంచుగడ్డ.

"మూడు చలికాలాలైంది కట్టేసి. పింఛను మందులకే సరి. కింద ఆ జుల్ఫియె పసివాళ్ల కోసం హీటర్లన్నీ వేస్తుంది. ఆ వేడి పైకొస్తే మేం బతికున్నాం. నీ పసుపు గోడ వెనక ఎవరో అద్దెవాళ్లు వెచ్చగా ఉన్నారు. సంతోషం!"

"నాకు చెప్పొచ్చుగా అమ్మా?"

"ఎప్పుడు చెప్పను? ఎప్పుడైనా కూర్చున్నావా?"

"చెప్పాలంటే ముందు మీ గేటు దాటాలిగా," అన్నాడు దొబ్రి. ఆ రోజుకి అతను ఎక్కువే మాట్లాడాడు.

మీటింగులో ప్లామెన్ ఒప్పుకుంటున్నానని చెయ్యెత్తాడు. అందరూ నోళ్లు తెరిచారు. ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు.

"దించన్నా, చూశాంలే," అంది జుల్ఫియె. చంకలో పిల్ల ఉంది. జనం నవ్వారు.

అందరూ వెళ్లాక ఆమె దగ్గరికి పోయాడు. "మా అమ్మావాళ్లు... మీ హీటర్ల వేడితో..."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"పిండి అడగడానికి పైకెళ్తే మీ అమ్మ ఇంట్లో కోటు వేసుకుని తలుపు తీసింది. అర్థం కాదా ఏంటి? అందుకే పిల్లలతో బయటికెళ్లినా హీటర్లు కట్టెయ్యను." పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "నువ్వు వచ్చి పోతూనే ఉంటావుగా. నీకు కనపడలేదా?"

ఆమె వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగింది.

ప్లామెన్ మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. పెన్కా దిగబోయింది. దొబ్రి ఆపాడు. "ఏడవనీ. ఇప్పటికైనా తగిలింది."

కాసేపు చూశాడు. తర్వాత తనే దిగి కొడుకు పక్కన కూర్చున్నాడు. మెట్టు జిల్లుమంటోంది. ఇద్దరూ లేవలేదు.