ఎలుక పురుడు

ఆషాఢ అమావాస్య... అందులోనూ మంగళవారం! మధ్యాహ్నం మూడు దాటింది. రాహుకాలం!

చాండ్లర్ ఊరికి దక్షిణాన, పత్తి చేల మీదుగా ఆకాశమంత ఎత్తున లేచింది ధూళి తుఫాను! పట్టపగలే సూర్యబింబం మసకబారింది. ఫెళఫెళమంటూ ఎక్కడో పిడుగు పడింది. కాలువ గట్టు బొరియల్లో కాపురముండి పగలే తిరిగే ఎడారి గుడ్లగూబలు పెరటి గోడ మీద వరసగా వాలి, వికృతంగా అరవసాగాయి. అరిజోనాకు వచ్చి నాలుగేళ్లయినా శశికళ ఇలాంటిది చూడలేదు.

అమావాస్య పూజ ఉందని వచ్చి, హాల్లో తలుపులు బిగించుకుని జగన్మోహన్ జపం చేస్తున్నాడు. గరాజ్‌లో ఎలుకల తొట్టె ముందు శశికళ నిలబడి ఉంది.

ఆమెకు ఏడో నెల. ఇది నాలుగో గర్భం. ముందు ముగ్గురూ ఏడో నెలలోనే ప్రాణం లేకుండా పుట్టారు. డాక్టర్లు ప్రతిసారీ "అన్నీ నార్మల్" అనే చెప్పారు. అన్నీ నార్మలయితే పిల్లలేరీ అని అడిగితే జవాబు చెప్పిన మొనగాడు లేడు!

ఆ దుఃఖంలో ఉండగా తగులుకున్నాడు ఈ జగన్మోహన్. తెలుగువాళ్ల ఇళ్లలో వ్రతాలు చేయించే పెద్దమనిషి. అరవై దాటినా ఒక్క వెంట్రుక నెరవలేదు! అదేమిటని ఎవరికీ అనుమానం రాలేదు, పైగా ఏం నూనె రాస్తారని అడిగేవాళ్లు.

"నీ గర్భం మీద పిశాచ దృష్టి ఉందమ్మా," అన్నాడు. "దానికి ఇంకో బాలింతను చూపించి ఏమార్చాలి. ఎలుకల్ని పెంచు. నీ చేతి తిండి తిని, నీ ఇంట్లోనే ఈనాలి. పద్నాలుగో రోజున పిల్లలు కళ్లు తెరుస్తాయి. అప్పుడు నేనొచ్చి బలిచ్చేస్తాను, నీ బిడ్డ దక్కుతుంది. కళ్లు తెరిచేదాకా మాత్రం నో టచింగ్! చెయ్యి తగిలిందో... ఇక నీ ఖర్మ!"

అని, సంచిలోంచి ఒక కపాలం తీసి చేతిలో పెట్టాడు. పసిబిడ్డదంత... చిన్న కపాలం! అదే ఎలుకకు పురిటిల్లట. అది ఎక్కడిదని అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది.

"మైస్ ఏంటి శశీ, క్రేజీగా!" అన్నాడు భర్త రవికుమార్. చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. "సరే, నీకు రిలీఫ్‌గా ఉంటే కీప్ చేసుకో."

పాత చేపల తొట్టె కడిగి, ఒక మగదాన్నీ రెండు ఆడవాటినీ తెచ్చుకుంది శశికళ. కొత్తగా పెంచేవాళ్లు చేసే పొరపాట్లన్నీ చేసింది. ఘాటు వాసన వేసే చెక్కపొట్టు పరిస్తే మూడూ తుమ్ముతూ కూర్చున్నాయి. ఆడవి రెండూ జుట్లు పట్టుకున్నంత పని చేస్తే ఒకదాన్ని తిరిగి ఇచ్చేసింది. పెట్ షాపులో పనిచేసే గుంటూరు అమ్మాయి లూసీ ఒక్కొక్కటే నేర్పింది. దేవదారు పొట్టు వద్దు, పైన్ పొట్టు వెయ్యాలి. పొట్ట గుండ్రంగా కనపడగానే మగదాన్ని వేరు చెయ్యాలి. ఓట్సూ ఉడకబెట్టిన గుడ్డూ పెట్టాలి.

"ఈనాక నెస్ట్ డిస్టర్బ్ చెయ్యకండి అక్కా. ఫస్ట్ డెలివరీ కదా, భయపడితే పిల్లల్ని తినేస్తుంది," అంది లూసీ.

తెచ్చిన ఇరవై ఒకటో రోజున, కపాలంలో... తొమ్మిది పిల్లలు! ఎర్రగా, గింజల్లా! శశికళ కళ్లనీళ్లు పెట్టుకుంది. అవి కిచకిచమన్నప్పుడల్లా ఆమె కడుపులో బిడ్డ కదిలేది. మొదట మురిసిపోయింది. తరవాత్తరవాత ఎందుకో భయమేసింది.

ఈ రోజు పదకొండో రోజు.

కంపు కొడుతున్న పొట్టులో ముడుచుకుని పడుకుంది తల్లి ఎలుక. శశికళకు గుండె తరుక్కుపోయింది. తను మూడుసార్లు కంది. పిల్లలే లేనప్పుడు పురుడేమిటని ఒక్కసారీ ఎవరూ తలకు నీళ్లు పోయలేదు, సాంబ్రాణి వెయ్యలేదు. పదకొండో నాడు స్నానం లేని బాలింతగా బతకడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. దీనికైనా ఆ ముచ్చట జరగనీ అనుకుంది. ముట్టుకోవద్దన్న మాట గుర్తొచ్చింది. అయినా ఐదు నిమిషాల పనే కదా, ఏమవుతుందిలే!

గోరువెచ్చటి పసుపు నీళ్లలో దూది ముంచి తల్లి ఒళ్లు తుడిచింది. కపాలం వంచి, అడుగు కన్నంలోంచి జారిన పిల్లల్ని ఒక్కొక్కటే చేత్తో తీసి కొత్త పొట్టులో పెట్టింది. బార్బెక్యూ బొగ్గు మీద సాంబ్రాణి చల్లి తొట్టెకు ధూపం పట్టింది.

తల్లి ఎలుక బిగుసుకుపోయింది. మొదటి పిల్లను వాసన చూసింది. దానికి తన వాసన లేదు... పసుపు, పొగ, మనిషి చెయ్యి!

కరుక్కుమంది.

హాల్లోంచి మిన్నంటే ఆర్తనాదం!

తలుపు విసిరికొట్టి వచ్చాడు జగన్మోహన్. భుజం మీద పంటిగాట్లు... నెత్తురు! "ఏం చేశావే!" అని పెడబొబ్బ పెట్టాడు. "నా ప్రాణం వాటిలో దాచుకున్నాను! నీ బిడ్డ ప్రాణంతో కలిపి ముడేశాను! ఇంకో మూడు రోజులాగితే దాని ఆయువంతా నాదయ్యేది!"

రెండో పిల్ల... మూడోది... నాలుగోది! చూస్తూండగానే అతని జుట్టు తెల్లబడి రాలిపోయింది. స్తంభన మంత్రం చదివాడు. భైరవ మంత్రం చదివాడు. అరచేతి వెడల్పు లేని ఆ ప్రాణి తల కూడా తిప్పలేదు. బెదిరిన తల్లి ముందు నలభై ఏళ్ల మంత్రసాధన ఎందుకూ కొరగాలేదు! ఎనిమిదోది అయ్యేసరికి అతను నేలమీద పడి డేకుతున్నాడు.

"ఆ ఒక్కదాన్నీ తియ్యి... నీ బిడ్డ కూడా అందులోనే ఉంది!"

ఈ రాక్షసుడు బతికినా సరే, బిడ్డ ఉంటే చాలు. శశికళ రెండు చేతులూ తొట్టెలో పెట్టింది. తల్లి ఎలుక చివరి పిల్లను నోట కరుచుకుని, కపాలం కంటి కన్నంలోంచి లోపలికి దూరిపోయింది. ఆమె వేలు అందులో పట్టలేదు. కపాలం ఎత్తి దులిపింది, బతిమాలింది, అమ్మా తల్లీ అని ఏడ్చింది...

లోపల్నుంచి చిన్న చప్పుడైంది.

జగన్మోహన్ నోరు తెరిచాడు గానీ కేక రాలేదు. అతని కట్టుపంచెలో గుప్పెడు బూడిద, నాలుగు ఎముకలు మిగిలాయి.

కడుపు మీద చెయ్యి వేసుకుని సిమెంటు నేల మీద కూలబడింది శశికళ. తట్టింది. పక్కకు ఒరిగి మళ్లీ తట్టింది. నాలుగోసారి కావడంతో, ఆ నిశ్శబ్దం ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆరింటికి రవికుమార్ వచ్చాడు. ఆమె మొహం చూసి, "పెయిన్స్ స్టార్ట్ అయ్యాయా శశీ? హాస్పిటల్‌కి వెళ్దామా?" అంటూ కారు తాళాల కోసం హడావుడిగా జేబులు తడుముకున్నాడు.

"వెళ్దాం," అంది శశికళ. "కాఫీ తాగి బయల్దేరదాం రవీ. తొందరేం లేదు."